నా మీద గీసిన నాలుగు గళ్ళు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి, కురవకుండా ఊరికే నిలబడి ఉంది. తూర్పున కాస్త ఎర్రబడి మళ్ళీ మాసిపోయింది. గాలి లేదు. రంపం మిల్లులో కరెంటు వచ్చేదాకా పనివాళ్ళు బీడీలు కాల్చుకుంటూ ఆ మబ్బు వంకే చూశారు. కరెంటు వచ్చింది. మబ్బు సంగతి మరిచిపోయి నన్ను కోశారు.

నేను ఒక గుండ్రటి చెక్కను. అంతకుముందు ఒక మామిడి చెట్టులో కొంత భాగాన్ని. కాపు తగ్గిందని తోట ఆయన చెట్టును మిల్లుకు తోలించాడు. అక్కడ పలకలుగా కోసి, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి, మేకులు దిగ్గొట్టి, అంచు గుండ్రంగా చెక్కారు. నడుమ బొక్క పెట్టారు, ఇనప కడ్డీ దూరేంత. నిలబెడితే మనిషి గుండెలెత్తు ఉంటాను. నాలాంటిదే ఇంకోటి చేసి, మా ఇద్దరికీ మధ్య పీపాలాంటిది బిగించి, దాని చుట్టూ కరెంటు తీగ చుట్టారు. ఈ మొత్తాన్ని డ్రమ్ము అంటారు. జనానికి కావలసింది తీగ. చెక్క సంగతి ఎవరికీ పట్టదు. ఆ విషయం మొదట్లోనే తెలియడం నాకు మేలే చేసింది.

కొత్త లైను వేస్తున్న ఒక ఊరికి లారీలో వెళ్ళాం. లైన్‌మన్లు మమ్మల్ని దొర్లించుకుంటూ పొలాల వెంట తీగ లాగారు. తీగ అయిపోయాక డ్రమ్మును బడి గోడ పక్కన నిలబెట్టి, మళ్ళీ వచ్చి తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు. వాళ్ళు రాలేదు. డిపార్టుమెంటుది కాబట్టి ఊరివాళ్ళు ముట్టుకోలేదు. ఎండా వానా నా మీదే గడిచాయి.

నా చదువంతా అక్కడే. అయిదో తరగతి కిటికీ పక్కన నిలబడి విన్నదే. రత్నకుమారి టీచరని ఒకావిడ ఉండేది. ఒకరోజు నల్లబల్ల మీద నిలువు గీత గీసి, ఒక పక్క సజీవులు, ఒక పక్క నిర్జీవులు అని రాసి పిల్లల్ని చెప్పమంది. గేదె అన్నారు, రాయి అన్నారు, కోడి అన్నారు. బల్ల నిండుతోంది. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, పెరుగు ఎటు టీచర్ అని అడిగింది. టీచరు సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆలోచించి, అది పరీక్షలో రాదు, కూర్చోమంది. ఇంకొకడు కిటికీలోంచి నన్ను చూపించి, అది ఎటు అన్నాడు.

"ఒకప్పుడు సజీవి" అంది టీచరు.

"ఇప్పుడు టీచర్?"

"ఇప్పుడు డిపార్టుమెంటుది."

పిల్లలు నవ్వలేదు. అది కూడా ఒక రకమే అనుకుని రాసుకున్నారు.

తర్వాత ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చి ఎవరితోనో మాట్లాడుకుని మమ్మల్ని విడదీశాడు. నా జోడును అదే ఊళ్ళో ఒకాయన మరుగుదొడ్డి గుంతకు మూతగా వేయించుకున్నాడు. నేను హైదరాబాదు చేరాను. మా ఇద్దరిలో ఎవరి బతుకు పైకొచ్చిందో నేను చెప్పను. మూత లేని రోజున ఆ ఇంటివాళ్ళు ఎంత ఇబ్బంది పడేవారో తెలుసు. నేను లేని రోజున ఇక్కడ ఎవరు ఇబ్బంది పడేవారో ఎంత ఆలోచించినా తట్టదు.

హైదరాబాదులో నన్ను కొన్నది ఆఫీసుల్ని అలంకరించే ఒకమ్మాయి. పాత సామాన్ల గోడౌన్లో నన్ను తడిమి చూసి, ఎంత సహజంగా ఉందో అంది. తర్వాత ఆ సహజత్వం సరిపోలేదని గరుకు కాగితంతో రుద్దించింది. మంటతో అక్కడక్కడా కాల్పించింది. కాల్చిన చోట్ల మళ్ళీ పాతదనం రావాలని నూనె పట్టించింది. ఇంత చేశాక నేను ముట్టుకోని చెక్కలా కనబడ్డానట. మాదాపూర్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హాల్లో, గోడకు ఇనప కొక్కేలు బిగించి తగిలించారు.

ఆ కంపెనీ పేరు చెప్పను. ఇంకా అక్కడే ఉన్నాను.

కంపెనీ ఎండీ పురుషోత్తం గారు. మెత్తటి మనిషి. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట ఆయనకు నచ్చుతుంది. కంపెనీ పెట్టినప్పుడు ఆయన, మంగతాయారు గారు, ఇంకో ఇద్దరే ఉండేవారట, అదీ ఒక అద్దె ఇంటి మేడ మీద. అప్పుడు వీళ్ళు చేసిన మొదటి పని పాల ప్రోగ్రాము. పల్లెల్లో పాల కేంద్రాలుంటాయి కదా. పొద్దునా సాయంత్రం రైతులు క్యాన్లు, చెంబులు పట్టుకొచ్చి పాలు పోస్తారు. మిషను వెన్న ఎంతుందో చూస్తుంది. ప్రోగ్రాము లెక్క కట్టి చీటీ ఇస్తుంది. ఆ ప్రోగ్రాము రాసింది తాయారు గారే. ఇన్నేళ్ళూ దాన్ని చూసుకుంటున్నది ఆవిడా, ఆవిడ కింద ఇద్దరు కుర్రవాళ్ళూ. హాలు చివర, ఏసీ సరిగా తగలని మూల వాళ్ళ బల్లలు. కంపెనీ పెరిగి అద్దాల మేడకెక్కింది కానీ తాయారు గారి బల్ల మీద గోదావరి జిల్లా నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు మారలేదు. మాట కొంచెం దురుసు. ఆవిడ నవ్వితే ఎవరో ఒకరికి ఏదో తగిలిందని అర్థం.

ఒక వేసవి మొదట్లో పురుషోత్తం గారు బెంగుళూరు వెళ్ళి, ఏదో పెద్ద కంపెనీ చూసి వచ్చారు. వస్తూనే మనకు రాడార్ కావాలన్నారు.

రాడార్ అంటే విమానాలను చూసేది కాదు. ఈ సంగతి నాకు మహిపాల్ చెప్తుంటే తెలిసింది. మహిపాల్ కంపెనీలో ఆర్కిటెక్టు, ప్రోగ్రాములను ఎలా కట్టాలో చెప్పేవాడు. సిద్దిపేట వైపు మనిషి, చురుకైనవాడు, ఏదైనా వారం కిందట పుట్టిన వస్తువైతే తప్ప ఇష్టపడడు. ఒక పెద్ద వృత్తం గీస్తారు. దాన్ని నాలుగు గళ్ళు చేస్తారు, రొట్టెను తుంచినట్టు. కంపెనీలో వాడే సరంజామా అంతా రకాలుగా విడదీసి, ఒక్కో రకాన్ని ఒక్కో గడిలో పెడతారు. వృత్తం లోపల మళ్ళీ చిన్న వృత్తాలు. నడుమ ఉన్నది గట్టిగా వాడదాం అన్నవాటికి. దాని చుట్టూ వాడి చూద్దాం. ఆ తర్వాత ఆలోచిద్దాం. అంచున ఉన్నది వద్దు. ఒక్కో వస్తువుకూ ఒక రంగు బిళ్ళ చేసి తగిన చోట గుచ్చుతారు. చూసినవాడికి కంపెనీ ఎటు పోతోందో ఒక్క చూపులో తెలిసిపోవాలి. ఇదీ ఉద్దేశం.

ఇంత పెద్ద గుండ్రటి బోర్డు ఎక్కడ దొరుకుతుందని అందరూ అనుకుంటుంటే మహిపాల్ తల తిప్పి నన్ను చూశాడు.

నా మీద తెల్ల రంగుతో వృత్తాలు గీశారు. గళ్ళకు మాత్రం రంగు వేయలేదు, ముందు పేర్లు తేలాలని, నల్ల టేపు అంటించారు. ఒక చిక్కు వచ్చింది. కంపెనీ గట్టిగా నమ్మి వాడేవన్నీ నట్టనడుమ ఉండాలి. నా నట్టనడుమ బొక్క ఉంది. మొదట గుచ్చిన బిళ్ళ అందులోంచి గోడకు, నాకు మధ్య ఎక్కడో పడిపోయింది. అది ఏ టెక్నాలజీయో గుర్తు పట్టినవాళ్ళు లేరు. బొక్క మీద కంపెనీ గుర్తు అంటించి ముందుకు పోయారు.

పురుషోత్తం గారు ఒక రూలు పెట్టారు. ఏప్రిల్ నుంచి బోర్డు మీద చోటు లేని పనికి మనుషుల్ని ఇవ్వరు. మహిపాల్ దానికి తన తెలివి కలిపాడు. బోర్డు మీద ఏది ఎక్కడుందో కంప్యూటర్లోనూ ఎక్కించి, అంచున వద్దు అన్న చోట ఏదైనా పడితే వారాంతంలో దాని మిషన్లు వాటంతట అవే ఆగిపోయేట్టు కట్టాడు. బోర్డు ఏం చెప్తే కంపెనీ అదే చేయాలి కదా సార్, అన్నాడు. పురుషోత్తం గారికి చాలా నచ్చింది.

ఇక గళ్ళకు పేర్లు పెట్టాలి. భాషలు, పనిముట్లు, వేదికలు, పద్ధతులు అని ఎక్కడి నుంచో చూసి మహిపాల్ నాలుగు రాసి తెచ్చాడు. మంచి పేర్లే. ఇబ్బంది ఎక్కడంటే గళ్ళు నాలుగు, కంపెనీలో పెద్దలు అయిదుగురు. సర్వర్లాయన, మొబైలాయన, టెస్టింగాయన, డేటా ఆయన, ఏఐ ఆయన. వాళ్ళ అసలు పేర్లు నాకూ తెలుసు కానీ అక్కడ వాటితో ఎవరూ పిలుచుకోరు.

మొదటి మీటింగులో వేదికలు నావే అన్నాడు సర్వర్లాయన. పద్ధతంటేనే మేము, అన్నాడు టెస్టింగాయన. మొబైలాయన పనిముట్లు తీసుకున్నాడు. డేటా ఆయనకు మిగిలింది భాషలు. డేటా కూడా ఒక భాషేనని ఆయన చాలాసేపు చెప్పాడు. విన్నవాళ్ళు ఒప్పుకున్నది నమ్మి కాదు, టీ చల్లారిపోతోందని. ఏఐ ఆయన అందరికన్నా కొత్తవాడు, మనుషులు తక్కువ, జీతం ఎక్కువ. నాకు గడి అక్కర్లేదు, నేను నాలుగింటిలోనూ ఉంటాను, అన్నాడు. అన్నట్టే బిళ్ళలు పట్టుకొచ్చి అందరి గళ్ళలోనూ గుచ్చడం మొదలెట్టాడు.

ఆ తర్వాత నేను చూసింది నాకు బాగా తెలిసిన వ్యవహారమే. పొలాల పక్కన పడి ఉన్నదాన్ని. గట్టు ఎలా జరుగుతుందో చూశాను. ఎవరూ పారతో గట్టును నరకరు. దున్నేటప్పుడు ఒక చాలు అవతలికి వేస్తారు, అంతే. ఇక్కడ నల్ల టేపు ఉంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఒకాయన కాఫీ కప్పుతో వచ్చి నా ముందు నిలబడి, ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి, టేపును గోటితో లేపి వేలెడు పక్కకు అంటించేవాడు. సాయంత్రానికి పక్కవాడు వచ్చి తన వంతు జరిపేవాడు. వారం తిరిగేసరికి భాషల గడి చిక్కిపోయింది. డేటా ఆయన స్కేలు తెచ్చి కొలిచాడు. పురుషోత్తం గారి దగ్గర పంచాయతీ జరిగింది. ఆయన అందరి మాటా విని, చివర మాట్లాడినవాడి పక్షాన తీర్పు చెప్పారు. మర్నాడు ఇంకొకరు చివర మాట్లాడారు.

ఒకసారి పనిముట్ల గడి బోసిగా ఉందని మొబైలాయనకు అనిపించింది. పక్కవాళ్ళకు పది బిళ్ళలుండి తనకు ఆరే ఉంటే బయటివాళ్ళు ఏమనుకుంటారు? నాలుగు కొత్త పనిముట్ల పేర్లు ఇంటర్నెట్లో చూసి గుచ్చాడు. బోర్డు మీద ఉన్నాయి కాబట్టి వాటికి మనుషుల్ని ఇవ్వాల్సొచ్చింది. నలుగురు ఇంజనీర్లు వాటితో ఏం చేయాలో కనుక్కోవడానికి కూర్చున్నారు. ఇంతవరకూ కనుక్కోలేదు.

అలాంటి రోజున తాయారు గారు నా ముందుకొచ్చారు. చేతిలో పసుపు బిళ్ళ.

"ఇది ఎక్కడ పెట్టమంటావు మహిపాల్?"

"ఏంది అక్కా అది?"

"పాలు."

మహిపాల్ బిళ్ళను చూశాడు, నన్ను చూశాడు. "అక్కా, దీంట్ల మనం వాడే టెక్నాలజీలు పెడ్తం. పాలు టెక్నాలజీ కాదు గదా."

"వాడట్లేదా మనం?"

"వాడుతున్నం. కానీ అదొక ప్రోగ్రామక్కా. ఏ రకం కిందికొస్తదో సూడాలె."

"చూడు మరి. నేను నిలబడే ఉంటాను. నాకేం, ఏప్రిల్ దాకా ఖాళీయే."

ఏప్రిల్ అన్న మాట ఆవిడ తేలిగ్గానే అన్నారు. కానీ మూలన ఇద్దరు కుర్రవాళ్ళూ కీబోర్డుల మీంచి చేతులు తీసేసి ఇటే చూస్తున్నారు. బిళ్ళకు చోటు దొరక్కపోతే వచ్చే నెల నుంచి ఆ ముగ్గురూ ఇంటికే. ఒకడికి కొత్తగా పెళ్ళయింది. ఇంకొకడు తమ్ముణ్ణి చదివిస్తున్నాడు. తాయారు గారికి యాభై దాటింది. ఈ ఊళ్ళో ఆ వయసులో ఆ పనికి వేరే చోట పిలిచేవాళ్ళు లేరు.

ఆవిడ అయిదుగురి దగ్గరికీ వెళ్ళారు. అది రాసిన భాష పాతదండీ, చచ్చిపోయిన భాష, దాన్ని మా గళ్ళో చూస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు డేటా ఆయన. వేదిక అంటే దాని మీద వేరేవి నిలబడాలి, మీది తనే నిలబడుతోంది అన్నాడు సర్వర్లాయన. పనిముట్టంటే మనం వాడేది, రైతులు వాడేది కాదు అన్నాడు మొబైలాయన. మీది పని చేస్తోంది కానీ పద్ధతిగా చేయట్లేదన్నాడు టెస్టింగాయన. ఏఐ ఆయన మాత్రం ఉత్సాహపడ్డాడు. రేపు ఏ రైతు ఎన్ని పాలు పోస్తాడో మేం ముందే ఊహించి చెప్తాం, దాన్ని పెడదాం అన్నాడు.

"రేపు పొద్దున అతనే క్యాన్ పట్టుకుని వస్తాడు కదా బాబూ" అన్నారు తాయారు గారు. "వచ్చాక చూసుకోవచ్చు."

తిరిగి నా దగ్గరికొచ్చి, కుడి వైపు పైన, భాషలకూ పనిముట్లకూ మధ్య కాస్త ఖాళీ ఉన్న చోట బిళ్ళ గుచ్చేశారు. ఇక్కడ ఎవరికీ అడ్డం కాదు, ఉండనివ్వండి అన్నారు. సాయంత్రం పురుషోత్తం గారు వచ్చి పసుపు బిళ్ళను చూశారు. చూసి, "చూద్దాం తాయారు గారూ" అన్నారు. పెళ్ళి సంబంధాలవాళ్ళూ, సర్కారు ఆఫీసర్లూ, ఎండీలూ చూద్దాం అన్నారంటే చూడబోవడం లేదని లెక్క. తాయారు గారికీ ఆ లెక్క తెలుసు. తల ఊపి వెళ్ళిపోయారు.

నెలాఖరుకు కంపెనీలో పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. సోమవారం వస్తారు. శుక్రవారం నాటికి గళ్ళ గొడవ తేలలేదు. పురుషోత్తం గారికి ఇలాంటప్పుడు ఒక అలవాటుంది. చయనులు గారిని పిలిపిస్తారు. చయనులు గారు వాస్తు చూస్తారు. ఈ ఆఫీసు గుమ్మం, ఎండీ గారి కుర్చీ, మంచినీళ్ళ కుళాయి అన్నీ ఆయన పెట్టించిన చోటే ఉన్నాయి. సన్నటి ముసలాయన, పంచె, భుజాన కండువా. నా ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇదేమిటండీ?"

కంపెనీ భవిష్యత్తు అని చెప్పారు.

"బాగుంది. ఇందులో ఈశాన్యం ఎటు?"

ఏఐ ఆయన పైన కుడి పక్క అన్నాడు. పైన ఆకాశముంటుంది నాయనా, ఈశాన్యం ఉండదు అన్నారు చయనులు గారు. గోడకు దిక్కు ఉంటుంది కానీ గోడకు వేలాడేదానికి ఎనిమిది దిక్కులు రావు, నేల మీదకు దింపండి అన్నారు. నలుగురు పట్టి నన్ను దింపి, హాలు మధ్యలో రెండు టీపాయిల మీద పరిచారు. పడుకోబెట్టడం నాకు హాయిగానే ఉంది. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని మహిపాల్ ఉత్తరం చూపించాడు. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి నన్ను సర్దారు.

చయనులు గారు నా చుట్టూ ప్రదక్షిణంగా తిరిగారు. ఆగ్నేయంలో అగ్ని ఉండాలి. వేడెక్కే సర్వర్లు అటు పడ్డాయి, సరే. వాయవ్యంలో కదిలేది ఉండాలి. మొబైల్, సరే. నైరుతిలో బరువు పెట్టాలి.

"మీ అందరిలో బరువైనది ఏదో చెప్పండి. అది నైరుతిలో ఉంటే సంస్థ కదలదు."

ఈ వృత్తిలో బరువు అన్నది తిట్టు. మాది చాలా తేలికండీ అన్నాడు సర్వర్లాయన. మాదసలు బరువే ఉండదు అన్నాడు మొబైలాయన. అందరూ తేలికైనవాళ్ళే. ఆ రోజు టెస్టింగాయన సెలవులో ఉన్నాడు కాబట్టి ఆయన్ని నైరుతిలో వేశారు.

మిగిలింది ఈశాన్యం. అక్కడ ఏమీ ఉండకూడదు, నీటిచుక్కలా శుభ్రంగా ఉండాలన్నారు. ఆ గడి డేటా ఆయనది. ఆయన తన బిళ్ళలన్నీ చకచకా తీసి పక్క గళ్ళలోకి సర్దేసుకున్నాడు. ఇన్ని రోజులు వేలెడు చోటుకు కొట్టుకున్నవాళ్ళు ఆ రోజు మాట్లాడకుండా ఒప్పుకున్నారు, వాస్తు కదా. చివరికి ఈశాన్యంలో ఒక్క పసుపు బిళ్ళ మిగిలింది.

ఇది ఎవరిదండీ అన్నారు చయనులు గారు. తాయారు గారు ఆ మూల తన బల్ల దగ్గరే ఉన్నారు. విన్నారు. లేచి రాలేదు. పురుషోత్తం గారు తనే వంగి బిళ్ళ పీకారు. పీకి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని నిలబడ్డారు. వృత్తం బయట పెడితే కంప్యూటర్ ఒప్పుకోదు సార్, అన్నాడు మహిపాల్. అయితే ప్రస్తుతానికి ఎక్కడో అంచున గుచ్చు, సోమవారం అయ్యాక చూద్దాం అన్నారు. మహిపాల్ అంచున గుచ్చాడు. కంప్యూటర్లోనూ ఎక్కించాడు. అంచున ఉన్నది వద్దు. ఆ ఏర్పాటు తాను కట్టిందేనని ఆ క్షణాన అతనికి తోచలేదు. దిక్సూచి చూసీ చూసీ తల తిరిగి ఉంటుంది.

ఆ సాయంత్రమే ఆ ముగ్గురి దగ్గరా ఆఫీసు తలుపు తెరిచే కార్డులు తీసేసుకున్నారు. ఏప్రిల్ ఇంకా రాలేదు కానీ సోమవారం వచ్చేవాళ్ళకు ఆ మూల కనబడకుండా ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారు. తాయారు గారు స్టీలు గ్లాసు కడుక్కుని సంచిలో పెట్టుకున్నారు. వెళ్తూ మహిపాల్ దగ్గర ఆగి, వస్తా నాయనా అన్నారు. మహిపాల్ లేచి నిలబడ్డాడు.

ఆదివారం తెల్లవారుతూనే హాల్లో ఫోను మోగింది. ఆగిన మరుక్షణం మళ్ళీ మోగింది. కాపలా అతను ఎత్తి విన్నాడు. పాలు పట్టడం లేదని ఎవరో అరుస్తున్నారు. ఇది సాఫ్ట్‌వేర్ ఆఫీసండీ, పాల బూత్ కాదని చెప్పి పెట్టేశాడు. చాలాసేపు అలా చెప్పాడు పాపం. తర్వాత అనుమానమొచ్చి మహిపాల్‌కు చేశాడు.

మహిపాల్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చాడు. వెనకే పురుషోత్తం గారు, తర్వాత ఒకరొకరుగా పెద్దలు అయిదుగురూ. పాల కేంద్రాలన్నిట్లో ప్రోగ్రాము ఆగిపోయింది. చీటీ లేకుండా పాలు పోయించుకుంటే రేపు తేడా ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని కేంద్రాలవాళ్ళు పోయించుకోవడం లేదు. రైతులు వెనక్కి పోవడం లేదు. పొద్దెక్కుతోంది. క్యాన్లు ఎండలో వరసగా ఉన్నాయి. ఇంకో గంట గడిస్తే పాలు విరిగిపోతాయి. ఇవన్నీ ఫోన్ల మీద ఫోన్లుగా వచ్చాయి.

తాయారు గారు ఆటోలో వచ్చారు. జడ కూడా వేసుకోలేదు. కాపలా అతను గుమ్మంలో ఆపి, మీ కార్డు పని చేయదు మేడం అన్నాడు.

"తెలుసు. లోపలికి రానివ్వొద్దులే. పాలు ఆగాయని మహిపాల్‌కి చెప్పు. నాకు ఫోన్లు ఆగట్లేదు."

మహిపాల్ పరుగున వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు. "అక్కా, నేనే ఆపిన. నేను కట్టిందే ఆపింది." ఆవిడ అతన్ని దాటుకుని కంప్యూటర్ వైపు నడిచారు.

ఆగినదాన్ని మళ్ళీ నడపడం కష్టం కాదు. ఒక మీట. కానీ ఆ మీట నొక్కాలంటే కంప్యూటర్ ముందు ఒక మాట అడుగుతుంది. ఇది ఏ గడిది? నాలుగు పేర్లు చూపిస్తుంది. ఒకటి ఎంచుకోవాలి. ఆ తర్వాత అయిదుగురు పెద్దలూ వాళ్ళ వాళ్ళ ఫోన్లలో సరేనని ఒప్పుకోవాలి. ఇదీ మహిపాల్ కట్టిందే.

అందరూ నా చుట్టూ నిలబడ్డారు. ఒక్క క్షణంలో తేలిపోతుందనుకున్నాను. వేదికల్లో వేస్తే రేపు వచ్చేవాళ్ళు దీని గురించి నన్నే అడుగుతారు అన్నాడు సర్వర్లాయన. భాషల గడి అసలు ఖాళీ చేశాం కదా, మళ్ళీ బరువు పెడితే చయనులు గారు ఏమంటారో అన్నాడు డేటా ఆయన. నైరుతికి నన్ను అడక్కుండా వేశారని టెస్టింగాయన ఆ గొడవ ఎత్తుకున్నాడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పురుషోత్తం గారు ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తున్నారు, ఎవరు చివర మాట్లాడతారా అని.

చివర మాట్లాడింది తాయారు గారు.

"ఏదో ఒకటి నొక్కు మహిపాల్. గేదెలకి తెలీదు అవి ఏ గడిలో ఉన్నాయో."

మహిపాల్ మొదట కనబడినది నొక్కాడు. ఏది నొక్కాడో ఎవరూ చూడలేదు. ఇంత జరిగాక ఎవరూ అడగలేదు కూడా. ఒకరొకరుగా ఫోన్లు తీసి సరేనన్నారు. ఏఐ ఆయన ఫోన్లో చార్జింగ్ లేదు. అందరూ కలిసి వైరు వెతికారు. అది వెలిగేదాకా హాలంతా ఆ చిన్న తెర మీదకు వంగి నిలబడింది.

నడిచింది.

తాయారు గారు నేల మీద కూర్చుని ఒక్కో కేంద్రానికీ ఫోను చేశారు. చీటీ వచ్చిందా? అయితే పోయించుకో. నీకు? ఇంకోసారి ఆపి వెయ్యి. వచ్చిందా? సరే. చివర రెండు కేంద్రాలవాళ్ళు ఇంక అక్కర్లేదమ్మా అన్నారు. పాలు విరిగిపోయాయట. కాలవలో పారబోసి రైతులు ఇళ్ళకు పోయారట. ఆ మాట విని ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరెవరి పాలో పేర్లు అడగలేదు. అడిగితే ఆవిడకు తెలిసే ఉంటాయి.

పురుషోత్తం గారు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తాయారు గారూ, పాలకు ఒక గడి మొత్తం ఇచ్చేద్దాం, నాలుగింట్లో ఒకటి, పేరు మీరే పెట్టండి అన్నారు. మనసులోంచే అన్నారు. వెనక పెద్దలు అయిదుగురూ ఉలిక్కిపడి నా వంక చూసుకున్నారు, ఎవరిది పోతుందోనని.

"నాకు గడి వద్దు పురుషోత్తం గారూ. ఆ ఇద్దరు పిల్లల కార్డులు ఇచ్చెయ్యండి." కాస్త ఆగి, "నాది కూడా" అన్నారు.

ఆయన తన గదిలోకి వెళ్ళి సొరుగు లాగిన చప్పుడైంది. మూడు కార్డులు తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. ఈసారి చూద్దాం అనలేదు.

ఆదివారం కాబట్టి క్యాంటీను లేదు. పొద్దుట్నుంచి ఎవరూ ఏమీ తినలేదు. మహిపాల్ కిందకు వెళ్ళి రోడ్డు మీద బండి దగ్గర ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. అంతమందికి సరిపడా బల్ల ఆ హాల్లో నేనొక్కదాన్నే. పొట్లాలు నా మీద విప్పారు. విస్తరాకు ముక్కలు, పల్లీ చట్నీ, కారప్పొడి. పురుషోత్తం గారు ఎవరి పక్కన చోటుంటే అక్కడ నిలబడ్డారు. కాపలా అతన్నీ పిలిచారు. చట్నీ పొట్లం చిరిగి టేపు మీదుగా పారింది. ఒకాయన వేలితో అడ్డుకుని, ఇడ్లీ ముక్కతో తుడిచి తిన్నాడు. తాయారు గారు తన పొట్లంలోంచి ఒక ఇడ్లీ తీసి మహిపాల్ ఆకులో వేశారు. అతను తల ఎత్తలేదు. ఫోను మోగలేదు. అందరూ తింటూ ఉన్నారు.